గుడ్లు పెట్టే క్షీరదాలపై పరిశోధన: ఎకిడ్నా, ప్లాటిపస్‌ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంటినిండా ముళ్ళుండే ఎకిడ్నాలు, బాతు ముక్కును పోలిన ముక్కుతో నీటిలో ఈదే ప్లాటిపస్‌ల గురించి ఎక్కడ రాసినా, ఎప్పుడు మాట్లాడినా దాదాపు అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంటాయి. వాటికి సమాధానాలను ఒక్కచోట చేర్చిన పేజీ ఇది. మీకు కావలసిన ప్రశ్న దగ్గర మొదలుపెట్టి చదువుకోవచ్చు. ఏ సమాధానానికి ఆ సమాధానం విడిగానే అర్థమవుతుంది.

## తొలి పరిచయం

గుడ్లు పెట్టే జంతువును క్షీరదమని ఎలా అంటారు?

క్షీరదాన్ని గుర్తించేది అది పిల్లను కనే పద్ధతిని బట్టి కాదు, పాలిచ్చి పెంచడాన్ని బట్టి. ఎకిడ్నా, ప్లాటిపస్‌లకు క్షీరగ్రంథులున్నాయి, ఒంటిమీద వెంట్రుకలున్నాయి, కింది దవడలో ఒకే ఎముక ఉంది, మధ్యచెవిలో మూడు చిన్న ఎముకలున్నాయి. ఇవన్నీ క్షీరద లక్షణాలే. గుడ్డు పెట్టడం, మలమూత్రాలకూ సంతానోత్పత్తికీ ఒకే ద్వారం ఉండటం, భుజం భాగంలో సరీసృపాలను పోలిన అదనపు ఎముకలుండటం మాత్రం ఇతర క్షీరదాలు వదిలేసుకోగా వీటిలో మిగిలిపోయిన పాత లక్షణాలు. ఈ వర్గాన్ని మోనోట్రీమ్‌లు అంటారు.

ఇలాంటి జంతువులు మొత్తం ఎన్ని రకాలున్నాయి? ఎక్కడ ఉంటాయి?

ఇప్పుడు బతికి ఉన్నవి ఐదు జాతులు మాత్రమే. తూర్పు ఆస్ట్రేలియాలోనూ టాస్మానియాలోనూ నదులు, వాగుల వెంట బతికే ప్లాటిపస్ ఒకటి. ఆస్ట్రేలియా అంతటా, న్యూగినీలో కొన్నిచోట్ల కనిపించే పొట్టిముట్టె ఎకిడ్నా రెండోది. మిగిలిన మూడూ న్యూగినీ కొండ అడవులకే పరిమితమైన పొడుగుముట్టె ఎకిడ్నాలు. పరిశోధన ఈ ఐదింటిపైనా సమానంగా జరగలేదు. మనకు తెలిసినదాంట్లో అధిక భాగం ప్లాటిపస్, పొట్టిముట్టె ఎకిడ్నాల నుంచి వచ్చిందే. పొడుగుముట్టె జాతులను అడవిలో చూసిన శాస్త్రవేత్తలే తక్కువ.

ఎకిడ్నా ముళ్ళపందికి బంధువా?

కాదు. రెండింటి ముళ్ళూ గట్టిపడిన వెంట్రుకలే అయినా, అవి వేర్వేరు వంశాల్లో విడివిడిగా ఏర్పడ్డాయి. ముళ్ళపంది ఎలుక జాతికి చెందినది. చీమలు, చెదపురుగులు తినే ఎకిడ్నాకు ప్లాటిపస్ తప్ప దగ్గరి బంధువులే లేవు.

వీటిని సరీసృపాలకూ క్షీరదాలకూ మధ్య ఆగిపోయిన మెట్టు అనవచ్చా?

ఈ మాట చాలా వ్యాసాల్లో కనిపిస్తుంది కానీ తప్పుదారి పట్టిస్తుంది. 2021లో నేచర్ పత్రికలో వెలువడిన జన్యు విశ్లేషణ ప్రకారం మోనోట్రీమ్‌ల వంశమూ మిగిలిన క్షీరదాల వంశమూ సుమారు 18.7 కోట్ల ఏళ్ళ క్రితం విడిపోయాయి. అంటే అప్పటి నుంచి రెండు శాఖలూ సరిగ్గా అంతే కాలం పాటు పరిణామం చెందుతూ వచ్చాయి. గుడ్డు పెట్టడం పాత లక్షణమే. కానీ ప్లాటిపస్ ముక్కులోని విద్యుత్ గ్రాహకాలు, మగదాని ముల్లులోని విషం, ఎకిడ్నా పళ్ళు లేని నోరు, పొడవాటి జిగురు నాలుక ఈ వంశం తన దారిలో తాను సంపాదించుకున్నవి. పాతవీ కొత్తవీ ఒకే శరీరంలో కలిసి ఉన్న జంతువును ‘ఆదిమం’ అనే ఒక్క మాటతో కొట్టిపారేస్తే అందులో కొత్తగా వచ్చిన సగం మన కంటికి ఆనదు. వీటి గురించి శాస్త్రవేత్తలు సైతం చేసిన పొరపాటు అంచనాలు చాలావరకు ఈ ఒక్క మాట నుంచి పుట్టినవే.

## గుడ్ల సంగతి తేలిన చరిత్ర

ఇవి గుడ్లు పెడతాయని నిర్ధారించడానికి అంత కాలం ఎందుకు పట్టింది?

ఎకిడ్నాను బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త జార్జ్ షా 1792లో వర్ణించారు. ప్లాటిపస్ చర్మం లండన్ చేరాక 1799లో దాన్నీ ఆయనే వర్ణించారు. బాతు ముక్కును వేరే జంతువుకు ఎవరైనా అతికించారేమోనన్న అనుమానం కలగకమానదని ఆ వర్ణనలోనే రాశారు. అక్కడి నుంచి గుడ్ల సంగతి తేలడానికి 85 ఏళ్ళు పట్టింది.

అసలు చిక్కు ఆధారాలు దొరకకపోవడం ఒక్కటే కాదు, దొరికిన ఆధారాలు అప్పటి వర్గీకరణలో ఇమడకపోవడం కూడా. 1824లో జర్మన్ శరీరనిర్మాణ శాస్త్రవేత్త మెకెల్ ప్లాటిపస్‌లో క్షీరగ్రంథులను గుర్తించినప్పుడు, ఫ్రాన్స్‌లో జోఫ్రాయ్ సెంటిలేర్ అవి పాలిచ్చే గ్రంథులు కావని వాదించారు. గుడ్లు పెట్టే జంతువు పాలివ్వజాలదన్నది ఆయన తర్కం. ఇంగ్లండ్‌లో రిచర్డ్ ఓవెన్ పాల సంగతి ఒప్పుకున్నారు కానీ, గుడ్డు తల్లి కడుపులోనే పగిలి పిల్ల బయటికి వస్తుందని దశాబ్దాల పాటు నమ్మారు. ఇద్దరూ సగం సగం సరిగ్గానే చెప్పారు. ఆ రెండు సగాలూ ఒకే జంతువులో కలిసి ఉండవచ్చునని ఒప్పుకోవడానికే మనసు రాలేదు.

చివరికి 1884లో క్వీన్స్‌లాండ్‌లోని బర్నెట్ నది దగ్గర విలియం కాల్డ్‌వెల్ అనే యువ శాస్త్రవేత్తకు, గుడ్డు పెట్టి మరొకటి పెట్టబోతున్న ప్లాటిపస్ దొరికింది. ఆయన పంపిన నాలుగు పదాల టెలిగ్రాం మాంట్రియల్‌లో సమావేశమైన బ్రిటిష్ అసోసియేషన్‌కు చేరింది: మోనోట్రీమ్‌లు గుడ్లు పెడతాయని, గుడ్డులో పిండ విభజన పక్షుల్లో, సరీసృపాల్లో మాదిరిగా పాక్షికమని దాని సారాంశం. చిత్రమేమిటంటే అదే ఏడాది సెప్టెంబర్ 2న విల్హెల్మ్ హాకే అడిలైడ్‌లో, ఒక ఎకిడ్నా సంచిలో తనకు దొరికిన గుడ్డు పెంకును అక్కడి శాస్త్ర సమాజం ముందు ప్రదర్శించారు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ఆస్ట్రేలియా ఆదివాసులకు ఈ విషయం ముందే తెలియదా?

తమ నేల మీద వేల ఏళ్ళుగా ఈ జంతువులతో కలిసి బతికిన వారికి వాటి బొరియలు, తిరిగే వేళలు, పిల్లల పెంపకం గురించి ఐరోపా వారికంటే ఎంతో ఎక్కువ తెలుసు. 1830ల్లో ప్లాటిపస్‌పై విచారణ జరిపిన జార్జ్ బెన్నెట్‌తో గుడ్ల ప్రస్తావన చేసినవారున్నారు. ఆయన దాన్ని నమ్మలేదు. కాల్డ్‌వెల్ విజయం వెనుక కూడా ఆయన కోసం జంతువులను వెతికి పట్టిన సుమారు 150 మంది ఆదివాసుల శ్రమ ఉంది. ఆ అన్వేషణలో వెయ్యికి పైగా ఎకిడ్నాలు ప్రాణాలు కోల్పోయాయి. టెలిగ్రాం మీద ఒక్క పేరే మిగిలింది.

## జతకట్టడం నుంచి పిల్ల పెరిగే వరకు

మగ ఎకిడ్నాలు ఆడదాని వెనుక రైలు పెట్టెల్లా వరుసగా నడుస్తాయంటారు. నిజమేనా?

నిజమే. ఆస్ట్రేలియాలో శీతాకాలమైన జూన్ నుంచి సెప్టెంబర్ వరకు ఇవి జతకట్టే కాలం. ఒక ఆడ ఎకిడ్నా వెనుక కొన్నిసార్లు పది వరకు మగవి ఒకదాని వెనుక ఒకటిగా రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి నడుస్తాయి. కంగారూ ద్వీపంలో పెగ్గీ రిస్‌మిల్లర్ ఏళ్ళ తరబడి చేసిన క్షేత్ర పరిశీలనల వల్లే ఈ వరుసల గురించి మనకు ఇంత వివరంగా తెలిసింది. ఆడది సిద్ధపడినప్పుడు మగవి దాని చుట్టూ నేలలో గాడి తవ్వి, ఒకదాన్నొకటి నెట్టుకుని, చివరికి ఒకటి మిగులుతుంది.

టాస్మానియాలో వ్యవహారం వేరుగా ఉంటుంది. అక్కడ చలి ఎక్కువ కావడంతో ఎకిడ్నాలు నెలల తరబడి శీతనిద్రలో ఉంటాయి. మగవి ముందుగా మేల్కొని, ఇంకా నిద్రలోనే ఉన్న ఆడవాటిని వెతికి జతకడతాయి. జెమ్మా మారో, స్టూవర్ట్ నికోల్ 2009లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, అలా గర్భం దాల్చిన ఆడవి కూడా కొన్ని తిరిగి శీతనిద్రలోకి జారుకుంటాయి. ఒకే జాతిలో ప్రాంతాన్ని బట్టి ఇంత తేడా ఉన్నప్పుడు, ఒకచోట చూసినదాన్ని ‘ఎకిడ్నాలు ఇలా చేస్తాయి’ అని అన్నింటికీ ఆపాదించడం తొందరపాటు.

మగ ఎకిడ్నా అంగానికి నాలుగు తలలుంటాయన్నది కట్టుకథా?

కట్టుకథ కాదు. అయితే నాలుగూ ఒకేసారి పనిచేయవు. 2007లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ జాన్‌స్టన్ బృందం, మచ్చికైన ఒక మగ ఎకిడ్నాను పరిశీలించి, ఒక వైపు రెండు తలలు ముడుచుకుని రెండో వైపువి మాత్రమే విచ్చుకుంటాయని, మరోసారికి వైపు మారుతుందని గుర్తించింది. రక్తప్రసరణ మార్గం రెండుగా చీలి ఉండటమే ఇందుకు వీలు కల్పిస్తోందని 2021లో వచ్చిన శరీరనిర్మాణ పరిశోధన తెలిపింది. ఇందులో మరో విశేషం శుక్రకణాలది: అవి విడివిడిగా కాక సుమారు వందేసి చొప్పున కట్టలుగా కలిసి ఈదుతాయి. ఒక్క కణం కంటే కట్ట వేగంగా కదులుతుంది కనుక, అనేక మగవి పోటీపడే జాతికి అది లాభమేనని పరిశోధకుల వివరణ.

ఎకిడ్నా గుడ్డు ఎలా ఉంటుంది? ఎక్కడ పొదుగుతుంది?

కోడిగుడ్డులా పెళుసుగా ఉండదు. మెత్తని తోలు వంటి పెంకుతో, సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల వ్యాసంతో, రెండు గ్రాములకు మించని బరువుతో ఉంటుంది. జతకట్టిన సుమారు మూడు వారాలకు తల్లి ఒకే ఒక గుడ్డును నేరుగా తన పొట్టమీది సంచిలోకి పెడుతుంది. ఈ సంచి కంగారూలకు ఉన్నట్లు శాశ్వతమైనది కాదు. సంతానోత్పత్తి కాలంలో పొట్టమీది చర్మం, కండరాలు ఉబ్బి ఏర్పడే మడత మాత్రమే. పది రోజులకు పిల్ల తన మూతి కొనపై ఏర్పడిన చిన్న పన్నుతో పెంకును చీల్చుకుని బయటికి వస్తుంది. అప్పుడు దాని బరువు అర గ్రాము కూడా ఉండదు. కళ్ళు తెరుచుకోవు, వెంట్రుకలుండవు. ముందుకాళ్ళు మాత్రం తల్లి వెంట్రుకలను పట్టుకోగలిగేంత బలంగా ఉంటాయి.

చనుమొనలే లేకపోతే పిల్ల పాలు ఎలా తాగుతుంది?

సంచి లోపల రెండు చోట్ల క్షీరగ్రంథుల నాళాలు చర్మం పైకి తెరుచుకుంటాయి. పాలు అక్కడి వెంట్రుకల మధ్యకు ఊరుతాయి. పిల్ల ఆ చర్మానికి మూతి ఆనించి పీల్చుకుంటుంది. ఏడెనిమిది వారాలకు ముళ్ళు మొలవడం మొదలవగానే తల్లి పిల్లను సంచిలోంచి దించి బొరియలో ఉంచి, ద్వారం మట్టితో మూసి మేతకు వెళ్తుంది. ఆ తర్వాత ఐదారు రోజులకొకసారి మాత్రమే వచ్చి పాలిస్తుంది. పిల్ల ఒక్క విడతలో తన బరువులో ఐదో వంతు దాకా తాగగలదు. ఆరేడు నెలల వయసు వచ్చేదాకా ఇలా సాగుతుంది.

చనుమొన ఉన్న జంతువుల్లో పాలు నేరుగా నోట్లోకి వెళ్తాయి. ఇక్కడ చర్మం మీదికి ఊరే పాలు మట్టితో, సూక్ష్మజీవులతో కలిసే ప్రమాదం ఎక్కువ. ఆ కారణంగానేమో ఈ పాలలో రోగకారక సూక్ష్మజీవులను అడ్డుకునే ప్రత్యేక ప్రోటీన్లున్నాయి. ప్లాటిపస్ పాలలోని అలాంటి ఒక ప్రోటీన్ నిర్మాణాన్ని ఆస్ట్రేలియా జాతీయ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ శాస్త్రవేత్తలు 2018లో వెల్లడించారు. దాని మడత తీరు అంతకుముందు చూసిన ప్రోటీన్లలో దేనికీ సరిపోలలేదు. ఔషధాలకు లొంగని బాక్టీరియాపై పోరులో ఇది ఉపయోగపడుతుందేమోనన్న ఆశ అప్పట్లో వార్తల్లో బాగా వినిపించింది. ఒక ప్రోటీన్ ఆకారం తెలియడానికీ మందు తయారవడానికీ మధ్య దూరం చాలా ఉంటుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ప్లాటిపస్ కూడా ఇలాగే పెంచుతుందా?

పాలు చర్మం మీదికి ఊరడం ఒకటే, మిగతాది వేరు. ప్లాటిపస్‌కు సంచి లేదు. తల్లి నది గట్టులో పొడవైన బొరియ తవ్వి, తడి ఆకులతో గూడు పరిచి, సాధారణంగా రెండు గుడ్లు పెట్టి, వాటిని తోకకూ పొట్టకూ మధ్య ఉంచుకుని దాదాపు పది రోజులు పొదుగుతుంది. పిల్లలు మూడు నాలుగు నెలల పాటు పాలు తాగాక బొరియ విడిచి నీటిలోకి దిగుతాయి. ఆడదానిలో ఎడమవైపు అండాశయం మాత్రమే పనిచేయడం మరో విశేషం.

## శరీరం పనిచేసే తీరు

ప్లాటిపస్ నీటిలో కళ్ళు, చెవులు, ముక్కు మూసుకుని ఆహారాన్ని ఎలా పట్టుకుంటుంది?

కండరాలు కదిలినప్పుడు పుట్టే అతి స్వల్ప విద్యుత్తును పసిగట్టి పట్టుకుంటుంది. ప్లాటిపస్ ముక్కు చర్మంలో సుమారు 40,000 విద్యుత్ గ్రాహకాలున్నాయి. వాటితోపాటు నీటి కదలికను, స్పర్శను గ్రహించే మరో రకం గ్రాహకాలు కూడా ఉన్నాయి. 1986లో హెన్నింగ్ షైక్ నాయకత్వంలోని జర్మన్, ఆస్ట్రేలియన్ బృందం నీటిలో దాచిన చిన్న బ్యాటరీలను ప్లాటిపస్ వెతికి పట్టుకోవడాన్ని గమనించి ఈ సంగతి నిరూపించింది. ఈదేటప్పుడు అది తలను పక్కలకు వేగంగా ఊపడం, సంకేతం ఏ దిక్కు నుంచి బలంగా వస్తోందో పోల్చి చూసుకోవడానికే.

ఎకిడ్నాలకూ ఈ శక్తి ఉంది కానీ తగ్గిపోయింది. తడి నేలలో వానపాములు తినే పొడుగుముట్టె ఎకిడ్నాకు ఇలాంటి గ్రాహకాలు సుమారు 2,000 ఉండగా, పొడి నేలల్లోనూ బతికే పొట్టిముట్టె ఎకిడ్నాకు 400 మాత్రమే, అవీ ముట్టె కొనలోనే. విద్యుత్ ప్రవాహానికి తడి అవసరం కాబట్టి ఈ వరుస అర్థవంతంగానే ఉంది.

వీటి శరీర ఉష్ణోగ్రత మనకంటే తక్కువ కదా, అంటే ఇవి శీతరక్త జంతువులా?

కావు. మెలకువగా ఉన్నప్పుడు వీటి శరీర ఉష్ణోగ్రత దాదాపు 32 డిగ్రీల సెల్సియస్. చల్లని నీటిలో గంటల తరబడి ఈదినా ప్లాటిపస్ దాన్ని నిలబెట్టుకోగలదు. ఎకిడ్నా మాత్రం ఉష్ణోగ్రతను అవసరాన్ని బట్టి జారవిడుస్తుంది. మంచు కురిసే పర్వత ప్రాంతాల్లో రేడియో పరికరాలు అమర్చి గోర్డన్ గ్రిగ్, లిన్ బేర్డ్ బృందం చేసిన పరిశీలనల్లో, శీతనిద్రలో ఉన్న ఎకిడ్నాల ఒంటి వేడి 5 డిగ్రీల దరిదాపులకు పడిపోయి మళ్ళీ మామూలు స్థాయికి రావడం నమోదైంది. పూర్వం దీన్ని ‘ఉష్ణోగ్రతను నియంత్రించుకోలేని లోపం’గా భావించారు. నిజానికి ఇది పొదుపు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని డ్రయాండ్రా అడవిలో నియంత్రిత మంట పెట్టినప్పుడు, అక్కడి ఎకిడ్నాలు మోడుల్లో, బొరియల్లో దాక్కుని, ఆ తర్వాతి రోజుల్లో కదలికలూ ఒంటి వేడీ తగ్గించుకుని, మేత కొరతను దాటుకున్నాయని 2016లో వెలువడిన అధ్యయనం చూపింది.

చెమట పట్టదు, కుక్కలా వగర్చదు అంటారు. మరి ఎకిడ్నా ఎండకు ఎలా తట్టుకుంటుంది?

పరిసరాల ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే చాలు ఎకిడ్నా చనిపోతుందని పుస్తకాలు చాలాకాలం రాస్తూ వచ్చాయి. కానీ అంతకంటే ఎక్కువ ఎండలో అవి తిరుగుతూ కనిపించేవి. కర్టిన్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టీన్ కూపర్, ఫిలిప్ విథర్స్ థర్మల్ కెమెరాతో అడవి ఎకిడ్నాలను చిత్రీకరించి 2023లో సమాధానమిచ్చారు. ఎకిడ్నా ముక్కులోంచి చీమిడి బుడగలు ఊదుతుంది. అవి పగిలి ముట్టె కొనను తడుపుతాయి. ఆ తడి ఆరుతూ కింద ప్రవహించే రక్తాన్ని చల్లబరుస్తుంది. అది చాలనట్లు ముళ్ళు లేని పొట్టను, కాళ్ళను చల్లని నేలకు ఆనించి వేడి వదిలించుకుంటుంది. చూడటానికి జలుబు చేసినట్లుండే పని వెనుక ఇంత లెక్క ఉందని ఎవరూ ఊహించలేదు.

ప్లాటిపస్ విషంతో మనిషి చనిపోతాడా?

మనుషులు చనిపోయిన దాఖలా లేదు. మగ ప్లాటిపస్ వెనుక కాళ్ళకు ఉండే ముల్లు గుచ్చుకుంటే మాత్రం భరించలేని నొప్పి రోజుల తరబడి, కొన్నిసార్లు వారాల తరబడి ఉంటుంది. మార్ఫిన్ కూడా అంతగా పనిచేయదు. విషగ్రంథి సంతానోత్పత్తి కాలంలో పెద్దదవుతుంది కనుక, ఇది ప్రధానంగా మగవాటి మధ్య పోటీలో వాడే ఆయుధమని భావిస్తున్నారు. విషంలోని కొన్ని పదార్థాలు, మామూలుగా రోగనిరోధానికి పనికొచ్చే డిఫెన్సిన్ ప్రోటీన్ల జన్యువులు నకళ్ళుగా పెరిగి మారడం వల్ల ఏర్పడ్డాయి. పాముల్లోనూ ఇదే తరహా మార్పు వేరుగా జరిగింది. మగ ఎకిడ్నాకూ ముల్లుంది కానీ అది విషపు ఆయుధంగా పనిచేయదు. దాని గ్రంథి స్రావం వాసన ద్వారా సంకేతాలు పంపడానికి ఉపయోగపడుతుందని భావిస్తున్నారు.

ఎకిడ్నా కలలు కనదని చదివాను. అది నిజమేనా?

కలల సంగతి ఏ జంతువునూ అడిగి తెలుసుకోలేం. శాస్త్రవేత్తలు కొలిచేది కనుపాపలు వేగంగా కదిలే నిద్ర దశను. తొలి ప్రయోగాల్లో అది ఎకిడ్నాలో కనిపించలేదు; దాంతో ఆ దశ మోనోట్రీమ్‌లు విడిపోయిన తర్వాతే పుట్టిందని సిద్ధాంతాలు కట్టారు. 2000లో స్టూవర్ట్ నికోల్ బృందం పరిసరాల ఉష్ణోగ్రత 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఎకిడ్నాలో ఆ దశ ఉందనీ, చలి గానీ వేడి గానీ పెరిగితే అణగిపోతుందనీ చూపింది. ప్లాటిపస్‌లోనైతే ఆ దశ రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల దాకా ఉన్నట్లు 1999లో తేలింది. గది ఉష్ణోగ్రత ఒక్కటి సరిచూసుకోకపోవడం వల్ల ఒక సిద్ధాంతమే తప్పుదోవ పట్టిందన్నమాట.

ప్లాటిపస్‌కు కడుపే లేదంటారు, ఎలా బతుకుతుంది?

ఆహారవాహికకూ పేగులకూ మధ్య చిన్న సంచి ఉంది కానీ, అందులో ఆమ్లాన్ని, జీర్ణరసాన్ని స్రవించే గ్రంథులు లేవు. వాటికి సంబంధించిన జన్యువులు కొన్ని పూర్తిగా పోయాయని 2008లో తేలింది. జీర్ణక్రియ పేగుల్లోనే జరుగుతుంది.

## జన్యువులు, శిలాజాలు

మగ ప్లాటిపస్‌కు పది లింగ క్రోమోజోములుంటాయా?

ఉంటాయి. మనుషుల్లో మగవారికి ఒక ఎక్స్, ఒక వై ఉంటే, మగ ప్లాటిపస్‌లో ఐదు ఎక్స్‌లు, ఐదు వైలు ఉంటాయి. శుక్రకణాలు తయారయ్యేటప్పుడు ఈ పదీ గొలుసులా ఒకదానికొకటి తగులుకుని, ఎక్స్‌లన్నీ ఒక కణంలోకి, వైలన్నీ మరో కణంలోకి క్రమం తప్పకుండా వెళ్తాయి. ఫ్రాంక్ గ్రూట్స్‌నర్ బృందం 2004లో ఈ గొలుసును వర్ణించింది. మగ ఎకిడ్నాలో ఐదు ఎక్స్‌లు, నాలుగు వైలు కలిపి తొమ్మిది. మనుషుల్లో మగ లింగాన్ని నిర్ణయించే ఎస్‌ఆర్‌వై జన్యువు వీటిలో లేదు. ఏఎంహెచ్ అనే వేరొక జన్యువుకు వై క్రోమోజోముపై ఉన్న రూపమే ఆ పని చేస్తోందని ప్రస్తుతం బలంగా భావిస్తున్నారు.

జీనోమ్ చదవడం వల్ల గుడ్లు, పాల గురించి కొత్తగా ఏం తెలిసింది?

ప్లాటిపస్ జీనోమ్, అంటే దాని పూర్తి జన్యు సమాచారం, మొదట 2008లో వెలువడింది. మరింత పూర్తి రూపం ఎకిడ్నా జీనోమ్‌తో కలిసి 2021లో వచ్చింది. పచ్చసొనకు కావలసిన ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులు కోడిలో మూడుంటే, ప్లాటిపస్‌లో పనిచేసేది ఒక్కటే మిగిలింది. మనుషులతో సహా ఇతర క్షీరదాల్లో మూడూ చెడిపోయాయి. పాలలోని ప్రధాన ప్రోటీన్లయిన కేసీన్ల జన్యువులు మాత్రం ప్లాటిపస్‌లోనూ ఉన్నాయి. అంటే పాలు వచ్చిన తర్వాతే పచ్చసొన అవసరం మెల్లగా తగ్గిందని, గుడ్డు మానేయడం ముందు, పాలు తర్వాత కాదని అర్థమవుతుంది. నా దృష్టిలో ఈ జంతువుల జన్యువుల నుంచి నేర్చుకున్నవాటిలో అతి ముఖ్యమైనది ఇదే: అవి లేకపోతే మన వంశంలో పాలు ఎప్పుడు మొదలయ్యాయో చెప్పే సాక్షి మరొకటి లేదు.

పాతకాలపు మోనోట్రీమ్‌ల ఆనవాళ్ళు ఎక్కడ దొరికాయి?

ఎక్కువగా ఆస్ట్రేలియాలో. న్యూసౌత్‌వేల్స్‌లోని లైట్నింగ్ రిడ్జ్ ఓపల్ గనుల్లో ఓపల్ రాయిగా మారిన స్టెరోపోడాన్ దవడను 1985లో వర్ణించారు. దాని వయసు సుమారు 10 కోట్ల ఏళ్ళు. విక్టోరియాలో దొరికిన టైనోలోఫోస్ అంతకంటే పాతది. 1990ల ఆరంభంలో అర్జెంటీనాలోని పటగోనియాలో ఆరు కోట్ల ఏళ్ళు దాటిన మోనోట్రెమాటం దంతం దొరకడంతో, దక్షిణ అమెరికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా కలిసి ఉన్న కాలంలో వీటి వ్యాప్తి ఎంత విశాలమైనదో తెలిసింది. 2024లో లైట్నింగ్ రిడ్జ్ నుంచే మరికొన్ని జాతులను వర్ణించారు. వాటిలో ఓపాలియోస్ అనేది ఎకిడ్నా, ప్లాటిపస్ రెండింటి పోలికలూ కలిగి ఉంది. ఇవన్నీ దాదాపు దవడ ముక్కలు, పళ్ళు మాత్రమేనని గమనించాలి. ఇలాంటి జంతువుల పూర్తి బొమ్మలు గీసినప్పుడు అందులో ఊహ పాలు ఎక్కువ.

ఎకిడ్నా పూర్వీకులు నీటిలో ఉండేవన్న మాట నిజమా?

అలా సూచించే ఆధారం ఇటీవల బలపడింది. విక్టోరియాలోని డైనోసార్ కోవ్‌లో దొరికిన క్రయోరిక్టెస్ అనే పది కోట్ల ఏళ్ళు దాటిన జంతువు భుజపు ఎముకను స్కాన్ చేసి, సుజాన్ హ్యాండ్ బృందం 2025లో ఫలితాలు ప్రచురించింది. ఎముక పైకి ఎకిడ్నాను పోలినా, లోపలి గోడలు ప్లాటిపస్‌లో మాదిరిగా మందంగా ఉన్నాయి; నీటిలో మునిగే జంతువుకు ఆ బరువు ఉపయోగం. కాబట్టి ఎకిడ్నాలు నీటిని వదిలి నేలకెక్కిన వంశమై ఉండవచ్చు. క్షీరదాల్లో నేల నుంచి నీటికి వెళ్ళిన ఉదాహరణలు చాలా ఉన్నాయి, ఎదురుదారి అరుదు. ఒకే ఎముక మీద ఆధారపడిన నిర్ణయం కనుక దీన్ని తుది మాటగా తీసుకోలేం.

## పరిశోధన తీరు, సంరక్షణ

ఇంత విచిత్రమైన జంతువుల గురించి ఇప్పటికీ ఇంత తక్కువ తెలియడానికి కారణమేమిటి?

ప్రయోగశాలలో పెంచి తరతరాలుగా పరిశీలించే వీలు లేదు. జంతు సంరక్షణ కేంద్రాల్లో ఇవి అరుదుగా మాత్రమే పిల్లలను కంటాయి. డేవిడ్ ఫ్లే హీల్స్‌విల్ కేంద్రంలో 1940ల్లో తొలిసారి ప్లాటిపస్‌ను సంతానానికి తీసుకువచ్చాక, మళ్ళీ అలాంటిది జరగడానికి దశాబ్దాలు పట్టింది. అడవిలో ఎకిడ్నా ఎక్కడ ఉంటుందో చెప్పలేం. ఎర వేసి పట్టలేం. ముళ్ళ మధ్య రేడియో పరికరం అతికించినా రాలిపోతుంది. బయటి నుంచి చూసి ఆడదో మగదో చెప్పడం కూడా సులువు కాదు. పైగా ఇవి దీర్ఘాయువులు. ఎకిడ్నా యాభై ఏళ్ళ దాకా బతకగలదు. మూడేళ్ళ పరిశోధన నిధులతో అలాంటి జంతువు జీవితంలో ఒక చిన్న ముక్కే కనిపిస్తుంది.

అరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ కనిపించిన ఎకిడ్నా ఏది?

డేవిడ్ అటెన్‌బరో పేరు పెట్టిన పొడుగుముట్టె ఎకిడ్నా. ఇండోనేషియాలోని పపువాలో సైక్లోప్స్ పర్వతాల్లో 1961లో సేకరించిన ఒకే ఒక నమూనా ఆధారంగా దీన్ని 1998లో కొత్త జాతిగా వర్ణించారు. ఆ తర్వాత నేలలో ముట్టెతో పొడిచిన గుంటలు తప్ప జంతువు కనిపించలేదు. 2023లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ కెంప్టన్ నాయకత్వంలోని బృందం, స్థానిక సంస్థల, గ్రామస్థుల సహకారంతో అమర్చిన కెమెరా ట్రాప్‌లలో, యాత్ర ముగింపున చూసిన చివరి మెమరీ కార్డులో అది దొరికింది.

పరిశోధకులు కాని వారు ఏమైనా చేయగలరా?

ఆస్ట్రేలియాలో ఉన్నవారు చేయగలరు. అడిలైడ్ విశ్వవిద్యాలయం 2017లో మొదలుపెట్టిన ఎకిడ్నా సీఎస్‌ఐ పథకం ద్వారా ప్రజలు తాము చూసిన ఎకిడ్నాల ఫోటోలు, వాటి మలం నమూనాలు పంపుతారు. మలంలోని డీఎన్‌ఏ, హార్మోన్ల ద్వారా జంతువును ముట్టుకోకుండానే దాని ఆహారం, ఒత్తిడి, సంతానోత్పత్తి స్థితి అంచనా వేస్తారు. ప్లాటిపస్ విషయంలో నది నీటి నమూనాలో కరిగి ఉన్న డీఎన్‌ఏ చాలు, అక్కడ అది ఉందో లేదో చెప్పడానికి.

ఇవి అంతరించిపోతున్నాయా?

జాతిని బట్టి సమాధానం మారుతుంది. పొట్టిముట్టె ఎకిడ్నాకు మొత్తంగా తక్షణ ముప్పు లేదు, కానీ కంగారూ ద్వీపంలోని దాని ఉపజాతి ఆస్ట్రేలియా చట్టం ప్రకారం అంతరించే ప్రమాదంలో ఉంది. ప్లాటిపస్ 2016 నుంచి అంతర్జాతీయ ఎరుపు జాబితాలో ‘ముప్పుకు చేరువలో’ ఉన్న జాతి. కరవులు, ఆనకట్టలు, నది గట్ల విధ్వంసం, పీతలూ రొయ్యల కోసం పెట్టే మూతిబిగిసిన బోనుల్లో చిక్కి ఊపిరాడక చనిపోవడం ప్రధాన కారణాలు. సిడ్నీ సమీపంలోని రాయల్ నేషనల్ పార్క్‌లో దశాబ్దాలుగా కనిపించని ప్లాటిపస్‌లను 2023లో తిరిగి విడిచిపెట్టారు. న్యూగినీ పొడుగుముట్టె ఎకిడ్నాల పరిస్థితి అన్నింటికంటే కష్టం. అడవుల నరికివేత, వేట కారణంగా మూడింటిలో రెండు అత్యంత ప్రమాదకర స్థితిలో ఉన్నాయి.

పెంపుడు జంతువుగా ఉంచుకోవచ్చా?

ఉంచుకోకూడదు. ఆస్ట్రేలియాలో ఇవి చట్టరక్షణ పొందిన వన్యప్రాణులు. రోడ్డు పక్కన ఎకిడ్నా కనిపిస్తే ఇంటికి తీసుకుపోవడం కూడా హానికరమే, ఎందుకంటే అది పాలిచ్చే తల్లి అయితే ఎక్కడో మూసిన బొరియలో పిల్ల ఎదురుచూస్తుంటుంది. గాయపడినదైతే దొరికిన చోటును కచ్చితంగా గుర్తుపెట్టుకుని వన్యప్రాణి సహాయకులకు చెప్పాలి. కోలుకున్నాక దాన్ని అక్కడే విడిచిపెడతారు.